కడబండి వచ్చేదాకా

గుడియాత్తంలో నెల్లూరుపేట దాటినాక సెల్లమ్మ టీ కొట్టు ఉండాది. ఆదివారం పొద్దున ఆరింటికి ఆడ పన్నెండు మోటారుబండ్లు వరసగా నిలబడి ఉంటే, పాల క్యానులతో పొయ్యేవాళ్ళు ఇదేం పెండ్లప్పా అని తిరిగి చూస్తారు. ఆ పన్నెండు బండ్లకూ పెద్ద నేను. పేరు చంద్రశేఖరం. బజారులో లుంగీల కొట్టు. కొట్లో నేను ఒట్టి సెట్టిని. బండెక్కితే శేఖరన్నని.

మా వాట్సాప్ గ్రూపు పేరు 'తారూ మట్టీ'. తారు రోడ్డు మీదా మట్టిదారి మీదా రెంటిమీదా పొయ్యే బండ్లు ఉన్నోళ్ళ గ్రూపు అది. నేనే పెట్టినాను. పెట్టేది సులువప్పా, నిలబెట్టేదే కష్టం. మొదట ఒకటే సంబరం. తర్వాత గుడ్ మార్నింగ్ పూలు, ఇన్సూరెన్సు అమ్మేవాళ్ళు, రాజకీయం కొట్లాటలు. ఒకొకడూ సద్దు లేకుండా జారుకుంటాడు. నేను ఒకొకరికీ ఫోన్ చేసి, బతిమాలి, తిట్టి, ఎవడి బండి చెడిపోతే వాడికి వేలూరు నించి సామాను తెప్పించి, గ్రూపును చంటిబిడ్డ మాదిరి కాపాడుకుంటా వచ్చినాను. మాలో శానా మందికి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. అందుకే రాతలు లేవు, అన్నీ వాయిస్ మెసేజీలే.

అట్లా ఉండంగా డానియల్ వచ్చినాడు. వేలూరు పిల్లోడు, ఇరవై ఆరేండ్లు, చెప్పుల కంపెనీలో పని. వాడి బండి ఎవురో అమ్మేస్తే కొన్నది, సీటు మీద రెండు కుట్లు. నా బండి షోరూమ్ నించి దిగి ఏడాది కూడా కాలేదు. ఏం లాభం? వాడు ప్రతి రైడ్ అయినాక ఇంటికిపోయి ఒక వాయిస్ పెడతాడు. యాడ రాళ్ళు జారతాయి, ఏ ఊళ్ళో మజ్జిగ ఇచ్చినారు, ఎవుడు యాడ పడినాడు, అంతా కథ మాదిరి చెప్తాడు. ఆ ఆరు నిమిషాలూ జనం రెండేసిసార్లు వింటారు. నేను అర నిమిషం మాట్లాడితే ఒక్కడూ వినడు. ఆర్కాడు నించి, తిరుపత్తూరు నించి కొత్తోళ్ళు చేరినారు, అంతా డానియల్ గొంతు విని వచ్చినోళ్ళే. మా కార్తికేయన్, నేను చేర్చుకున్న మొట్టమొదటి మనిషి, వాడే ఒకరోజు, "డానియల్‌ని కూడా అడ్మిన్ చేస్తే బాగుంటాది కదన్నా" అన్నాడు. చూస్తామప్పా అన్నాను.

ఇంట్లో నా భార్య కోకిల దోసెలు పోస్తా పోస్తా వాడి వాయిస్ పెట్టుకుంటుంది. "ఎంత బాగా చెప్తాడో ఈ పిల్లోడు" అంటుంది. ఇన్నేండ్లలో నా వాయిస్ ఒక్కటన్నా వినిందా ఆ మహాతల్లి? నాకు కడుపు మండేది. మండింది అంటే మండింది, దాచేదేముంది దాంట్లో. వాడు పొగరుబోతు అయినా బాగుండు. కనబడితే హెల్మెట్ తీసి చంకలో పెట్టుకోని, "అన్నా, మీరు పెట్టిన గ్రూపే కదా" అంటాడు. ఆ మాటకు ఇంకా మండేది.

మాకు ఒక చట్టం ఉండాది. అదీ నేను పెట్టిందే. దారి రెండుగా చీలిన కాడ, ముందుబండి వెనకాల ఉన్నోడు దిగి నిలబడుకోవాలి, ఎటు పోవాలో చెయ్యి చూపించతా. అందరూ దాటిపోయినా వాడు కదలకూడదు. కట్టకడపట వచ్చే బండి, దాన్ని కడబండి అంటాము, అది వచ్చి చెయ్యి ఊపితేనే వాడు కదలాల. ఈ చట్టం వల్లే మా గ్రూపులో ఇంతవరకూ ఒక్కడూ తప్పిపోలేదు. అందుకే ఆడోళ్ళు కూడా భయం లేకుండా మొగుళ్ళను పంపిస్తారు.

ఆ ఆదివారం నన్ను కడబండిగా రమ్మన్నారు. "మీరు మెల్లగా రండన్నా, వయసైంది కదా" అన్నాడు కార్తికేయన్. అందరూ నవ్వినారు. నాకు నలభై మూడు! డానియల్ ఒక్కడే నవ్వలేదు. నా మీద జాలి పడినాడు, అంతకంటే ఏం కావాల?

మోర్దానా డ్యామ్ తట్టు గుట్టల్లో తిరిగి, సాయంత్రం దిగతా ఉండాము. సన్నగా తుంపర పట్టుకుంది. తడిసిన దుమ్ము వాసన, కుళ్ళిన ఆకుల వాసన. వెలుతురు బిరబిరా పోతా ఉండె. మూడు బండల కాడ దారి చీలతాది. ఎడమకు పోతే గుడియాత్తం. కుడికి పోతే పైకి అడివే, ఊరూ లేదు పేరూ లేదు. ఆ చీలిక కాడ డానియల్ నిలబడుకోనుండాడు. చెయ్యి ఎడమకు నిటారుగా చాపి. వానలో కూడా చెయ్యి దించలేదు.

నేను వంద గజాలు వెనకాలే నిలిపేసినాను. ఆడినించి ఒక పశువులదారి కిందికి దిగి డ్యామ్ రోడ్డులో కలస్తాది, నాకొక్కడికే తెలుసు. ఆ గుట్టల్లో సిగ్నల్ లేదు. నిలబడనీ, అనుకున్నాను. ఒక గంట నిలబడనీ. కడబండి రాకపాయె అని ఏడస్తా వస్తే, 'చట్టం తెలీని పిల్లోడు, యాడో దారితప్పినాడు' అని అందరి ముందరా నవ్వుతాను. లైటు ఆర్పి, బండి తిప్పుకోని జారుకున్నాను.

దిగతా ఉంటే పైన ఒక బండి చప్పుడు వినపడింది. అచ్చం నా బండి చప్పుడే. డానియల్ ఉన్న తట్టు పోతా ఉండాది. గుట్టల్లో చప్పుడు తిరిగొస్తాదిలే అనుకున్నాను.

సెల్లమ్మ కొట్టు చేరేతలికి ఏడు దాటింది. తల తుడుచుకుంటా, ముందే అనుకున్న మాట గట్టిగా అడిగినాను. "ఏమప్పా, డానియల్ యాడ? దారిలో కనబడలేదే?"

బెంచీ మీద కూర్చోని టీ తాగతా ఉన్నోడు తలెత్తినాడు. డానియల్.

"మళ్ళా వచ్చినారేమన్నా?" అన్నాడు కార్తికేయన్.

"మళ్ళా ఏందిరా?"

"ఇందాకే కదన్నా మీరు పొయింది. పన్నెండు మందీ వచ్చేసినారని తలలు లెక్కపెట్టి, తలనొప్పి అని ఇంటికి పోతిరి."

సెల్లమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "అప్పుడు పొడిగా ఉండావే నాయనా. ఇంతలో యాడ తడిసినావు?"

డానియల్ మెల్లగా అన్నాడు. "అన్న నా వెనకాలే వచ్చినాడు. చెయ్యి ఊపినాడు. నేను కదిలినా." వాడి చొక్కా మీద ఒక చుక్క తడి లేదు. ఆ వానలో నిలబడిన చొక్కా... ఆరిపోయి ఉంటాదిలే అనుకున్నాను. వీళ్ళంతా కూడబలుక్కోని నన్ను ఆట పట్టిస్తా ఉండారు, నేను చేసింది తెలిసిపోయింది అనుకున్నాను. సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చినాయి. బండి తిప్పుకోని ఇంటికి బయలుదేరినాను.

మా ఇంటి ముందర నా బండి నిలబెట్టి ఉండాది.

నేను నా బండి మీదే కూర్చోనుండాను. ముందర ఇంకొకటి. అదే రంగు. అదే నంబరు. దిగి ఇంజను మీద చెయ్యి పెట్టినాను. సురుక్కుమనింది.

తలుపు తట్టినాను. లోపల గాజుల చప్పుడు. తలుపు తియ్యకుండా, సందులోంచి కోకిల గుసగుసగా అడిగింది.

"ఎవురూ?"

"నేనే. తలుపు తియ్యి."

"నేనే అంటే ఎవురు?"

"ఏం కోకిలా... నా గొంతు తెలీలేదా?"

"ఎవురయ్యా నువ్వు..." లోపల గడియ బిగించింది. "మా ఇంటాయన అన్నం తిని లోపల పండుకోనుండాడు. పో. కేకేస్తా."

లోపలినించి ఒక గొంతు వచ్చింది. నిద్రమత్తులో ఉన్న గొంతు. నాది.

"ఎవురమ్మీ?"

"ఎవురో తెలీదండీ. నా పేరు చెప్తా ఉండాడు."

"పాపం, వానలో తడిసినట్టుండాడు. గుడ్డ ఏమన్నా కావాలేమో అడుగు."

నేను అట్లా అడిగేవాణ్ణి కాదు. వానలో ఎవుడన్నా తలుపు తడితే 'పొద్దున రాపో' అని అరిచేవాణ్ణి. కోకిల నవ్వింది లోపల. "మీకెప్పటినించి ఇంత దయ?" అనింది. ఆ నవ్వు నేను విని ఎన్నేండ్లాయెనో.

జేబులో ఫోన్ అదిరింది. గ్రూపులో ఒక వాయిస్. పంపించినది నా నంబరే. నా ఫోను నా చేతిలోనే ఉండాది... నేనేమీ పంపలేదు. చెవికి పెట్టుకున్నాను.

"అందరికీ నమస్కారం, శేఖరన్నని మాట్లాడతా ఉండా. ఈ రోజునించి డానియల్ కూడా అడ్మిన్. వాడి మీద నాకు శానా దినాలుగా కుళ్ళు ఉండె. తప్పు నాదే. వాడు లేకపోతే ఈ గ్రూపు ఎప్పుడో చచ్చిపోయుండు..."

అర నిమిషం. ఒక్క నిమిషంలో నలభై మంది విన్నారు. ఎర్రగుండెలు వరసగా పడతా ఉండాయి. 'అన్నా అంటే అన్నే', 'కండ్లల్లో నీళ్ళొచ్చినాయన్నా' అని వాయిస్‌ల మీద వాయిస్‌లు. ఇన్నేండ్లు ఈ గ్రూపుకు ఊడిగం చేస్తే నాకు ఒక్క గుండె రాలేదు. దేవుడి మీద ఆన, నాకు భయం కంటే ముందు కుళ్ళు వచ్చింది. నా మీద నాకే!

భయం ఆ తర్వాత వచ్చింది. ఒక్కసారిగా. లోపల పండుకున్నది నేను కాదు. అది నా బదులు కడబండిగా పోయి చెయ్యి ఊపింది. మరి ఆ చెయ్యి చూసి కదిలి, సెల్లమ్మ కొట్లో పొడిచొక్కాతో టీ తాగినది... అదీ డానియల్ కాదు.

అంటే డానియల్ ఇంకా ఆడనే ఉండాడు.

బండి ఎట్లా తోలినానో తెలీదు. డ్యామ్ దాటినాక వాన గట్టి పడింది. పురుగుల కూత కూడా లేదు. బండి లైటులో చెట్ల మొదళ్ళు తప్ప ఏమీ కనపళ్ళేదు. మూడు బండల కాడ లైటు తిప్పినాను.

నిలబడుకోనుండాడు. చెయ్యి ఎడమకు చాపి. రెండో చేత్తో ఆ చేతిని కిందినించి పట్టుకోని... పండ్లు టకటకలాడతా ఉండాయి.

"వచ్చినారా అన్నా," అన్నాడు. "పంక్చరయిందేమో అనుకున్నా. ఎదురు వద్దామంటే చట్టం కదా, కదలకూడదని ఉండిపోయినా."

నాకు ఏడుపొచ్చింది. వాణ్ణి పట్టుకున్నాను. మంచు మాదిరి ఉండాడు. "నన్ను క్షమించురా," అన్నాను. "పంక్చర్ కాదు. నేనే... కావాలనే నిన్ను ఇడిసిపెట్టి పోయినా. ఓర్వలేక పోయినా."

వాడు నన్నే చూసినాడు. కోపం రాలేదు వాడికి. "పోనీలెండన్నా. మళ్ళా వచ్చినారు కదా," అన్నాడు. "చెయ్యి ఊపండి, పోదాం. మా యమ్మ కాచుకోనుంటాది."

నేను చెయ్యి ఎత్తలేదు. ఎట్లా ఎత్తేది? వేలూరులో వాళ్ళమ్మ ఎవాంజలిన్ తలుపు సందులోంచి, 'మా వాడు లోపల పండుకోనుండాడు, నువ్వెవురు?' అని అడిగితే, ఆ పిల్లోడి గుండె ఆగిపోదా? ఎట్లా చెప్పేది వాడికి, నీ ఇంట్లో కూడా ఒకడు చేరినాడని?

"అన్నా," అన్నాడు డానియల్, గొంతు తగ్గించి. "ఆయన్ని కూడా పిలుచుకోని పోదాం."

"ఎవుర్నిరా?"

వాడు కుడిదారి తట్టు చూపించినాడు. పైకి, అడివిలోకి పొయ్యే దారి. "ఆ పై మలుపులో ఇంకొకాయన నిలబడుకోనుండాడు. చీకటి పడినప్పటినించీ నన్ను అడగతానే ఉండాడు, కడబండి వచ్చిందా అని. రాలేదన్నా అంటా ఉండా."

"మనోళ్ళు పన్నెండే కదరా..."

"మన గ్రూపే అన్నాడన్నా. మొట్టమొదటి రైడ్‌లో ఆయన్ని ఆడ నిలబెట్టినారంట. అప్పటినించీ ఎవురూ వచ్చి చెయ్యి ఊపలేదంట."

మొట్టమొదటి రైడ్‌కు పొయినోళ్ళం నలుగురం. నలుగురమూ తిరిగొచ్చినాము. నేనే లెక్కపెట్టినాను, ఈ పొద్దు సెల్లమ్మ కొట్లో అది లెక్కపెట్టినట్టే.

"ఎవురంట?" అన్నాను.

"మొగం కనపళ్ళేదన్నా, చీకటి." డానియల్ ఆ పైదారినే చూస్తా, నా తట్టు ఒక అడుగు వెనక్కి వేసినాడు. "గొంతు మాత్రం... మీదే."

వాన రొంత తెరపిచ్చింది. పైనించి, చెట్ల సందులోంచి, అలిసిపోయిన గొంతు ఒకటి కిందికి దిగింది.

"డానియలూ... వచ్చినాడా?"

డానియల్ నన్ను చూసినాడు. "ఏం చెప్పమంటారన్నా?" అని అడిగినాడు.