కుడి భుజం

వానలో తడుస్తూ లవీనియా కెటిల్‌వెల్ ట్రిగార్థెన్ ఇంటికి వచ్చింది. యుద్ధనౌకల మీద వైద్యం మానేసి, పోర్ట్స్‌మత్ రేవులో కూపీలు లాగుతూ బతికే మనిషాయన. గుమాస్తా ఓవీకి ఆయనంటే దేవుడంత గురి.

"మావారు పిస్తోలుతో కాల్చుకున్నారంటున్నారండీ. కెప్టెన్ పదవి రాలేదన్న దిగులుతోనట. ఆత్మహత్యని తేలితే చర్చి నేలలో చోటివ్వరు. కూడలిలో పాతేస్తారండీ!"

"ఎవరన్నారమ్మా?"

"పై వాటాలో లెఫ్టినెంట్ పాస్కల్ గారు. నేను చెల్లెలింట్లో ఉన్నాను."

ఆమె తెచ్చిన భర్త కోటును ట్రిగార్థెన్ బల్ల మీద పరిచాడు. కెటిల్‌వెల్ కమాండర్; ఆ హోదాకు గుర్తుగా ఎడమ భుజాన ఒక్కటే భుజకీర్తి. కెప్టెన్ అయితే అది కుడికి మారుతుంది. ఇది ఎడమనే ఉంది.

"కుట్టిందెవరు?"

"నేనేనండీ, పట్టుదారంతో."

కానీ ఉన్నది మైనం పట్టించిన ముతక దారం. కుడి భుజం మీద కొత్త సూది బెజ్జాలున్నాయి. ఆయన భుజకీర్తి విప్పి చూశాడు. కింద గుడ్డంతా నెత్తురు. ఓవీ దీపం దగ్గరికి పట్టాడు.

సాయంత్రం కెటిల్‌వెల్ ఇంట్లోనే కోటును బల్ల మీద పెట్టి, విచారణాధికారినీ, జవాన్లనీ, పాస్కల్‌నీ కూర్చోబెట్టాడు.

"కుడి భుజం మీది కొత్త బెజ్జాలే చెబుతున్నాయి, ఆ పొద్దున కెటిల్‌వెల్‌కు ఉత్తరం వచ్చింది. కెప్టెన్ అయ్యాడు. భార్య వచ్చేదాకా ఆగలేక భుజకీర్తిని తనే కుడికి మార్చుకున్నాడు. చచ్చాక ఎవరో, పదవి రాలేదన్న కథ నిలబడాలని, మళ్ళీ ఎడమకు కుట్టారు. నెత్తురు మీద శవం కుట్టుకోదు కదా! పైగా తెరచాప కుట్టు, రెండేసి ముళ్ళు. పన్నెండో ఏటి నుంచీ ఓడలో ఉన్నవాడి చెయ్యి. ఈ ఇంట్లో ఆ చెయ్యి మీదే, పాస్కల్ గారూ."

పాస్కల్ తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా లెఫ్టినెంటునేనయ్యా. వాడికి తాడు ముడెయ్యడం నేర్పింది నేను. 'గురువుగారూ, ఏ భుజాన ఉందో చూడండి!' అంటూ పైకొచ్చాడు. నా భుజాన ఏనాడైనా ఏమన్నా ఉందా? వాడి పిస్తోలు వాడి నడుముకే ఉంది. ఉత్తరం పొయ్యిలో వేశాను."

విచారణాధికారి హత్య అని రాశాడు. చర్చి నేల దక్కింది. నిజం తేలినా ట్రిగార్థెన్‌కు రవంత సంతోషం కూడా కలగలేదు. ఆయనా ఎన్నో ఏళ్ళు అలాంటి ఉత్తరాల కోసం చచ్చేవాళ్ళ మధ్యే బతికాడు.

"రేపు ఆయన్ని శవపేటికలో పెట్టేటప్పుడు ఏ భుజానికి కుట్టనండీ?" అంది లవీనియా.

"కుడికమ్మా."

ఆమె సూదిలోకి పట్టుదారం ఎక్కించబోయింది. దారం ఎక్కలేదు. "నాకు చూపించనే లేదండీ," అని భోరుమంది.

జవాన్లు పాస్కల్‌ను లేపారు. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి, బల్ల మీది కోటుకు ఎదురుగా, పై అధికారి ముందు నిలబడ్డట్టు టోపీ తీశాడు.