సముద్రానికి పోసిన దోసెడు నీళ్ళు

రంగూనులో ఓడ ఎక్కేటప్పుడు మద్దిలేటి మనసు నిమ్మళంగానే ఉండింది. ప్యాపిలి పక్క పల్లె వాడు. కరువుకు తాళలేక పెండ్లాం నాగక్కను వెంటబెట్టుకొని, బియ్యం మిల్లుల్లో మూటలు మోయడానికి సముద్రం దాటిన మనిషి. పోయేటప్పుడు మద్రాసు రేవులో ఆ నీళ్ళను చూసి ఇద్దరూ అట్లనే నిలబడిపోయినారు. నాగక్క అయితే ఏడ్చింది కూడా. కడవ నీళ్ళకు కోసెడు దూరం నడిచేవాళ్ళకు అన్ని నీళ్ళు ఒక్కచోట చూస్తే ఏడుపు రాదా మరి. ఇప్పుడు తిరుగు ప్రయాణం. నాగక్కకు ఏడో నెల. ముందు రెండు కాన్పులూ దక్కలేదు. ఈ ఒక్క బిడ్డయినా సొంత ఊర్లో, ఆమె తల్లి చేతుల మీద పుట్టి బతికితే చాలని మద్దిలేటి మొక్కని దేవుడు లేడు.

ఓడ పైతట్టు మీద, ఆకాశం కింద వాళ్ళ చోటు. పక్క చాప బొజ్జన్నది. కడప దిక్కు ముసలాయన, ఈ దారిలో తిరిగీ తిరిగీ తల నెరిసినవాడు. కబుర్లు చెప్తే ఆకలి మరిచిపోవాల్సిందే. మిల్లు మేస్త్రీల మీద ఎగతాళి పాటలు కట్టి నాగక్కను కడుపుబ్బ నవ్వించేవాడు. కడుపులో ఉండేవాడు గూడా నవ్వుతాండాడు మామా అని ఆమె మొగుని చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకునేది.

ఓడలో మంచినీళ్ళు కొలిచి పోస్తారు. నాగక్క చెంబు అందుకోగానే నోట పెట్టేది కాదు. ఓడ అంచున కమ్మీల దగ్గరికి పోయి, దోసిట్లో కొన్ని పట్టి సముద్రంలోకి వదిలి, "పెద్దోళ్ళకు" అని, ఆ తర్వాతనే గొంతు తడుపుకునేది. వాళ్ళ పల్లెలో అందరూ చేసే పనే అది. తొలి దోసెడు నేలకు పోస్తారు, చచ్చిపోయిన ఇంటి పెద్దలకని. గొంతు పిడచగట్టినా ఆ దోసెడు మానరు. పోయేటప్పుడు ఓడ కదిలినప్పటి నుంచి వాంతులతో ఆమె కన్నే తెరవలేదు. ఈసారి ఒంట్లో బాగుండాది, కడుపుతో ఉండాది, పెద్దోళ్ళను మరిస్తే ఊరుకుంటారా? ఓడలో నేల యాడ దొరుకుతుంది? అందుకని నీళ్ళకే పోసింది. మద్దిలేటికీ అందులో తప్పేమీ కనపడలేదు.

మద్రాసు ఇంకొక్క రోజు ఉందనగా బొజ్జన్న అది చూసినాడు. చేతిలో చుట్ట చేతిలోనే ఉండిపోయింది.

"ఏం చేస్తాండావు పాపా?"

"పెద్దోళ్ళకు పోస్తాండా పెద్దనాయనా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఓడ ఎక్కినప్పటి నుంచి."

ముసలాయన చుట్ట ఆర్పేసినాడు. తర్వాత మద్దిలేటిని పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పినాడు. "ఏమప్పా, నీకన్నా తెలీదా. నేలకు పోస్తే మన పెద్దోళ్ళకు పోతాది. ఈడ ఎవరుండారు? వాంతిబేదులకు పోయినోళ్ళు, గోనెలో కుట్టి పారేసినోళ్ళు. నా కండ్ల ముందరే శానామందిని వేసినారు. వాళ్ళకు నీళ్ళు పోసే దిక్కు లేదు. నీ పెండ్లాం పోసింది, పెద్దోళ్ళా అని పిలిచింది. ఇంక వాళ్ళు మీ ఇంటోళ్ళే."

"ఇప్పుడేం చెయ్యాల?"

"నాకు తెలిస్తే చెప్పనా."

ఆ మధ్యాహ్నమే గాలివాన కొట్టింది. ఖలాసీలు అందరినీ పశువులను తోలినట్టు కింది అరలోకి తోలి, పైన తలుపులు మూసి, వాటి మీద తారు గుడ్డ కప్పినారు. పట్టపగలే చీకటి. పక్కనున్న మనిషి మొహం కాదు గదా, తన చెయ్యి తనకే కనపడని చీకటి. తడి గోనెల వాసన, వాంతుల వాసన, తుప్పు వాసన. ఓడ ఒరిగినప్పుడల్లా ఇనుము మూలిగేది. పిల్లల ఏడుపు, ఎవరివో దేవుని పేర్లు. కాసేపటికి ఏడ్చేవాళ్ళు కూడా అలిసిపోయినారు. మద్దిలేటి వీపు ఓడ గోడకు ఆనించి, నాగక్కను తన పక్కనే గోడవారగా కూర్చోబెట్టుకున్నాడు. ఆమెకు అటుపక్క ఇనుప గోడ తప్ప ఏమీ లేదు. గోడ అవతల సముద్రం.

అప్పుడు కొత్త వాసన వచ్చింది. ఎండిన చెరువులో అడుగు బురద తవ్వితే వచ్చే వాసన.

"ఎన్నో నెల పాపా?" ఆడమనిషి గొంతు. మెల్లగా, నోట్లో నీళ్ళు పెట్టుకొని మాట్లాడినట్టు.

"ఏడవది అవ్వా," అన్నది నాగక్క.

మద్దిలేటి తల తిప్పినాడు. ఆ గొంతు గోడ దిక్కు నుంచి వచ్చింది...

"మగబిడ్డే." ఇంకో గొంతు. ముసలి మగ గొంతు. "మన బిడ్డ."

నాగక్కా అని అరవబోయినాడు. భయం అంటే ఏందో ఆ పొద్దు తెలిసింది మద్దిలేటికి. కనీసం బిడ్డకు తన చెయ్యి అడ్డం పెట్టాలని తడుముకుంటా ఆమె కడుపు మీదికి చెయ్యి పోనిచ్చినాడు.

అక్కడ చోటు లేదు.

చేతులు... చల్లగా, నానిపోయి ముడతలు పడిన చేతులు. ఒకదాని మీద ఒకటి. కొన్ని పెద్దవి, కొన్ని మరీ చిన్నవి. అవి పక్కకు జరిగి, మద్దిలేటి చేతికి కొంచెం చోటిచ్చినాయి.

"నా పేరు పెట్టు పాపా..."

"నాది... నా పేరు పలికేవాళ్ళు లేరు."

"నాది..."

చచ్చిన పెద్దోళ్ళ పేరు బిడ్డకు పెట్టుకోవడం ఆ సీమలో ఏ ఇంట్లోనైనా ఉన్నదే. నీళ్ళు తాగినోళ్ళు అడగాల్సిందే అడుగుతాండారు. నాగక్క ఏడుస్తా అన్నది, "పెడతా. అందరివీ పెడతా. నా బిడ్డను మాత్రం బతకనీండి."

చేతులు ఒక్కొక్కటే లేచిపోయినాయి.

తలుపులు తెరిచి వెలుతురు పడేసరికి నాగక్క నిద్రపోతా ఉండింది. అరలోకి చుక్క నీరు దిగలేదు. ఆమె చీర మాత్రం కడుపు దగ్గర తడిసి, అంచుల్లో ఉప్పు తేలి తెల్లగా కనపడింది. బొజ్జన్న అది చూసి తన చాప తీసుకొని దూరంగా పోయినాడు. మద్రాసులో దిగేదాకా మళ్ళీ వాళ్ళతో మాట్లాడలేదు.

రైలెక్కి, గుత్తిలో దిగి, ఊరు చేరినారు. మగబిడ్డ పుట్టినాడు, రాయి మాదిరి గట్టిగా. మద్దిలేటి తన తండ్రి పేరు ఈరన్న అని బిడ్డ చెవిలో చెప్పినాడు. ఆ పేరుతో ఎంత పిలిచినా వాడు ఒక్కనాడూ పలకలేదు. చెవిటివాడేమో అనుకున్నారు. కాదు. ఎవరూ పిలవనప్పుడు "ఓ..." అని పలికి, సముద్రం ఉండే తూర్పు దిక్కుకు పరిగెత్తేవాడు. వాడు పలికేది ఒకటే పేరుకు కాదని నాగక్కకు తెలుసు. మొగునికి చెప్పలేదు, ఆయనా అడగలేదు. చేన్లో పనికి పోతే బిడ్డ నడుముకు తాడు కట్టి, రెండో కొస గుంజకు ముడేసేవాళ్ళు.

వానికి మూడేళ్ళు నిండినాక, శనిక్కాయ చెట్లు పెరికే రోజుల్లో, మిట్టమధ్యాహ్నం ఎండలో మద్దిలేటి తలెత్తి చూస్తే తాడు బిగిసి ఉండాది. బిడ్డ తాడు కొసన తూర్పుకు నిలబడి రెండు చేతులూ పైకెత్తినాడు. పిడికిళ్ళు బిగించినాడు, అటొకరు ఇటొకరు పెద్దోళ్ళ వేళ్ళు పట్టుకొని నడిచే పిల్లోని మాదిరి. అటు పక్క పైకి చూసి నవ్వినాడు. ఇటు పక్క పైకి చూసి నవ్వినాడు. గుంజ మొదట్లో మన్ను పగులుతాంది.

మద్దిలేటి పరిగెత్తి బిడ్డను నడుము దగ్గర వాటేసుకొని వెనక్కి లాగినాడు. మూటలు మోసిన మనిషి. బిడ్డ జానెడు కూడా వెనక్కి రాలేదు. "నాగక్కా, వచ్చి పట్టుకో," అని కేక పెట్టి వెనక్కి చూసినాడు.

నాగక్క రాలేదు. చేతిలో కట్ట కింద పడేసి, భుజాల చుట్టూ కొంగు నిండుగా కప్పుకొని, సాలు పక్కకు ఒత్తిగిలి తల వంచుకొని నిలబడింది, మామగారు ఎదురొస్తే కోడలు దారి ఇచ్చినట్టు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఆమె ముందర నుంచి పోయేవాళ్ళు ఇంకా పోతానే ఉండారు.