మూడు తాళాల షెడ్డు

మా అపార్ట్‌మెంట్ వెనక షెడ్ల వరసలో ఏడో నంబరుకి పేరు చెడిపోయింది. పొద్దుగూకాక అటు ఎవరూ వెళ్ళరు. పిల్లల బంతి దాని ముందుకు దొర్లితే తెల్లారేదాకా అక్కడే పడి ఉంటుంది. ఎనిమిదో నంబరాయన బంగారంలాంటి కారుని రోడ్డు మీద ఎండబెట్టుకుంటున్నాడు గానీ, పక్కనున్న తన షెడ్డు మాత్రం తెరవట్లేదు.

ఆ ఏడో నంబరు నాదే.

ముందు నా గురించి ఓ మాట. పనివాళ్ళని పిలవడం నాకు నామోషీ. అన్నీ నేనే చేస్తాను. తర్వాత పనివాణ్ణి పిలిచి అన్నీ మళ్ళీ చేయిస్తాను. వంటింట్లో నేను కొట్టిన చెక్క అర పదకొండు రోజులు నిలబడింది. పన్నెండో రోజు మా ఆవిడ గాజుముక్కలు ఊడుస్తూ, "మీ చెయ్యి పడకపోతే ఈ సీసాలు ఇంకో పదేళ్ళు బతికేవి" అంది.

అప్పుడు నవ్వుకున్నాం.

సంగతి చెప్పింది మా కొత్త వాచ్‌మన్. అప్పటికి చేరి ఇరవై రోజులే అయింది. ఇక్కడి పాత విషయాలేవీ తెలియవు. ఓ రోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి—

"మూడు తాళాలేసి లోపల మనిషిని పెట్టారేంటి సార్?"

"ఏ మనిషి?"

ముందురోజు రాత్రి అతను టార్చి పట్టుకుని వరస చివరిదాకా నడిచాడట. ఏడో నంబరు ముందుకొచ్చేసరికి లోపల సన్నగా చప్పుడు. టిక్... టిక్... టిక్... ఎలుకేమో అనుకున్నాడు. కాదు. తొక్కకుండా వదిలేస్తే సైకిల్ చక్రం చేసే చప్పుడు. తాళాలు లాగి చూశాడు. మూడూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

చప్పుడు ఆగిపోయింది.

షట్టర్‌కి చెవి ఆనించాడు. కిర్రు... కిర్రు... ఎవరో బ్రేకు రెండుసార్లు నొక్కి చూసుకుంటున్నట్టు. ఆ తర్వాత — సరిగ్గా తన చెవి ఉన్నచోటే, రేకుకి అవతల — మెల్లగా...

"బావా... బిగించావా?"

టార్చి అక్కడే పారేసి పరిగెత్తాడట.

"ఆ టార్చి మీరే తెచ్చివ్వండి సార్, మీకు పుణ్యం ఉంటుంది," అన్నాడు. "మళ్ళీ ఈ రాత్రి అడిగితే... ఏం చెప్పమంటారు?"

నవ్వేద్దామనుకున్నాను.

కానీ నన్ను బావా అని పిలిచేవాడు ఒక్కడే ఉండేవాడు. మా ఆవిడ తమ్ముడు. వాడికి సైకిల్ పిచ్చి. సైకిల్ బరువు నూట ఎనభై గ్రాములు తగ్గుతుందని ఉన్నదంతా ఊడ్చి కొత్త సీటు కొన్నాడు. "ఓ పూట తిండి మానెయ్యరా, అంతకంటే ఎక్కువే తగ్గుతావు" అంటే, "ఆ మాట నీ పొట్ట చెప్పాలా బావా?" అనేవాడు.

వాడికో పద్ధతి ఉండేది. ఏ బోల్టు బిగించినా దాని మీద వాళ్ళక్క గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టాలి. చుక్క ఉంటే బిగించినట్టు. లేకపోతే వేళ్ళతో తిప్పి వదిలేసినట్టు.

కిందటేడు మా వరసలో రెండు సైకిళ్ళు దొంగలెత్తుకుపోయారు. ఇంకేం, నాకు పని దొరికింది. ఆ సాయంత్రం స్టూలెక్కి షట్టర్‌కి తాళం పట్టీలు బిగిస్తున్నాను. వాడు కింద కూర్చుని ముందు బ్రేకుకి కొత్త తీగ వేస్తున్నాడు. ఇంతలో వాడికి ఫోనొచ్చింది. "బావా, ఈ బోల్టొకటి బిగించు" అని బయటికెళ్ళాడు.

తిరిగొచ్చి సైకిల్ పట్టుకున్నాడు. బ్రేకు రెండుసార్లు తేలిగ్గా నొక్కి చూశాడు.

"బావా, బిగించావా?"

నేను తల తిప్పలేదు. మూడో పట్టీ వంకరగా వస్తోంది మరి.

"బిగించాన్లే, పో."

వేళ్ళతో తిప్పిన బోల్టు తేలిగ్గా నొక్కితే తీగని పట్టుకునే ఉంటుంది. వాలులో లారీ ఎదురొచ్చి, బలంకొద్దీ నొక్కితే — జారిపోతుంది.

వాడు పోయాక, దూకుడుగా తొక్కాడన్నారు అందరూ. నేనూ అన్నాను. వాళ్ళక్క ముందే అన్నాను. ఆ సైకిల్ తెచ్చి లోపల పెట్టి, మూడు తాళాలూ వేశాను. దొంగలకి భయపడి కాదు.

వాచ్‌మన్ మెట్లు దిగి వెళ్ళాక వెనక్కి తిరిగాను.

మా ఆవిడ. చేతుల్లో సగం మడతపెట్టిన దుప్పటి. ఎంతసేపటినుంచి నిలబడి ఉందో...

"వాడు మిమ్మల్ని ఏం బిగించమన్నాడు?"

"బ్రేకు బోల్టు..."

"చుక్క పెట్టారా?"

"పెట్టాన్లే," అన్నాను.

అదే గొంతు. అదే విసుగు.

ఆవిడ దుప్పటి కుర్చీమీద పెట్టి, మేకుకున్న తాళంచెవులు తీసుకుని కిందికి దిగింది.

పైనుంచి వింటున్నాను. మొదటి తాళం... రెండోది... మూడోది.

నా చేత్తో చేసిన పనుల్లో నిలబడింది అదొక్కటే. ఆ పట్టీలకి పన్నెండు బోల్టులు. ఏడాదైనా ఒక్కటీ కదల్లేదు. పన్నెండింటికీ ఎర్రచుక్కలు పెట్టాను ఆ రోజు, ఒక్కటి కూడా మర్చిపోకుండా.

ముందు ఆవిడకి కనిపించేవి అవే.

ఆ తర్వాత... బ్రేకు.