రిజిస్టరులో మిగిలిన మాట

ప్రొద్దుటూరు దాటాక పెన్న ఒడ్డున ఏటి బంగళా ఒకటి ఉండేది. కాగితాల్లోనే ఆ పేరు. జనం నోట అది సర్దారు బంగళా. నిజానికి సర్దారు అనే ఆ మనిషి బతికుండగా ఆ బంగళాలో అడుగైనా పెట్టలేదు. చచ్చిపోయిన తరువాతే అక్కడి ఫోనులో పలుకుతాడని చెప్పుకునేవాళ్ళు. పొద్దుగూకితే ఆ దారిన బండ్లు తోలడం మానేశారు.

దయ్యాలను నేను నమ్మను. ఇది మా చిన్నమ్మ వేదవతి చెప్పిన సంగతి. ఆమె నాకంటే తక్కువ నమ్ముతుంది.

యాభై ఏడులో, అక్టోబరు వానల్లో, మా చిన్నాయన కోదండరామయ్యను ఆ బంగళాకు గుమాస్తాగా వేశారు. ముందున్న గుమాస్తా ఫోనులో సర్దారు పేరు విని, జ్వరం తెచ్చుకుని, మైదుకూరుకు బదిలీ చేయించుకున్నాడు.

పని చిన్నదే. ఏరు పొంగే రోజుల్లో ఎగువన ఇద్దరు మనుషులు అరగంటకొకసారి నీటి మట్టం కొలిచి తమ పుస్తకంలో రాసుకుని, ఫోనులో చెప్పాలి. బంగళాలో గుమాస్తా దాన్ని పెద్ద రిజిస్టరులో ఎక్కించాలి. జమ్మలమడుగు గదిలో ఆదినారాయణ ఉండేవాడు. అక్కడికి రెండు మైళ్ళు ఎగువన, గుట్ట కింద ఒంటరి గదిలో నబీ రసూల్.

సర్దారు ఒకప్పుడు ఆ ఒంటరి గదిలోనే పనిచేశాడు. రెండేళ్ళ కిందట వరదలో గట్టు దారిన వస్తుండగా కాళ్ళ కింద గట్టు విరిగింది. మనిషి దొరకలేదు. గదిలో మిగిలింది అతని గోడ గడియారం ఒక్కటే. దాన్ని ఎవరో జమ్మలమడుగు గదికి మోసుకుపోయారు.

ఇద్దరు మనుషులు, ఒకటే తీగ. ఎవరు మాట్లాడినా అందరికీ వినపడుతుంది. వానొస్తే గరగర... ఎవరి గొంతో తేల్చుకోలేం. గుమాస్తాకు పైనుంచి ఒకటే ఆజ్ఞ — విన్నది విన్నట్టు రాయాలి. సొంత తెలివి కలపకూడదు.

చిన్నాయన చేరిన రెండో రోజు. పులివెందుల వైపు పగలంతా కురుస్తూనే ఉంది. సాయంత్రానికి ఏరు ఎర్రబడింది. చిన్నమ్మ కారియర్‌లో అన్నం తీసుకుని బంగళాకు పోయేసరికి ఆయన రిజిస్టరు ముందు కలం పట్టుకుని, బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

ఆయన వేలితో చూపించాడు.

సిరా ఇంకా ఆరలేదు. చిన్నాయన సొంత దస్తూరీ—

'నేను సర్దారు నీళ్ళలో ఉండా ఏడున్నర.'

గోడ మీద గడియారం అప్పుడు ఏడూ ముప్పై మూడు.

"ఇంటికి పోదాం పా," అన్నాడు చిన్నాయన గుసగుసగా. "ఈ ఉద్యోగం నాకొద్దు."

"అన్నం సల్లారిపోతాది, తినండి," అంది చిన్నమ్మ. కానీ కారియర్ విప్పలేదు. లాంతరు దగ్గరికి జరుపుకుని ఆ పేజీ పైనుంచి కిందికి చదివింది. ఆరు గంటలకు ఇద్దరు. ఆరున్నరకు ఇద్దరు. ఏడుకు ఇద్దరు. ఏడున్నరకు—

"నబీ రసూల్ చెప్పినాడా?"

"లేదు."

"ఆదినారాయణ?"

"లేదు. వాడొక్కడే..."

"రావాల్సినోళ్ళు ఇద్దరూ రాలేదు. రాకూడనోడు ఒకడొచ్చినాడు. అదేం లెక్కండీ?"

చిన్నాయన ఆమె ముఖం చూశాడు. ఆమె అప్పటికే ఫోను పెట్టె పిడి తిప్పుతోంది.

గరగర. దాని వెనక రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడి నలుగుతున్నాయి.

"ఒకరి తర్వాత ఒకరు," అంది చిన్నమ్మ. "ఆదినారాయణప్పా, ముందు నువ్వు. నబీ, నోరు మూసుకో."

"సర్దారు ఏడున్నర, తొమ్మిదడుగులు," అంది ఒక గొంతు. "ఎంతసేపని చెప్తాండానమ్మా, గుమాస్తా సామి పలకడే."

"సర్దారేందప్పా?"

"ఆయప్ప గడియారమమ్మా. ఈడ గోడకుంది. దాన్ని చూసే గదా టైము చెప్పేది."

చిన్నమ్మకు నవ్వొచ్చింది. అంతలోనే రిజిస్టరు వైపు చూసింది. సర్దారు, ఏడున్నర — ఆ రెండు మాటలూ ఆదినారాయణవి. మరి మిగతావి?

"నబీ... ఇప్పుడు నువ్వు చెప్పు."

గరగర.

"నేనమ్మా... నీళ్ళలో ఉండా. బల్ల ఎక్కినా. వాకిలి మునిగింది. ఎంతసేపని అరుస్తాండా, ఎవురూ—"

టక్కున గొంతు తెగింది.

బతికున్న మనిషి కేకను చచ్చినవాడి మాట అనుకుని, కలం పట్టుకుని కూర్చున్నాడు చిన్నాయన. ఆ మూడు నిమిషాలు ఆయన చివరిదాకా మరిచిపోలేదు.

"తాళ్ళు తీసుకో ఆదినారాయణా. నలుగురిని పిలుచుకుని పో. తొందరగా."

"గట్టు దారిన అరగంటలో ఉంటామమ్మా. మనుషులు వాకిట్లోనే ఉండారు, కేకేస్తా."

చిన్నమ్మ ఫోను భర్త చేతికిచ్చింది. "నబీ మళ్ళీ పలుకుతాడేమో వినండి."

ఆయన చెవికి ఆనించుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. తరువాత కలం తీసుకుని, అలవాటుగా, విన్నది విన్నట్టు రాశాడు—

'గట్టు దారి లేదు. గుట్ట మీద పోండి.'

చిన్నమ్మ చదివి పిడి తిప్పింది. ఆదినారాయణ అప్పుడే గడప దాటుతున్నాడట.

"గుట్ట మీద పోండప్పా. గట్టు లేదంట."

"గుట్టంటే శానా చుట్టుదారమ్మా."

"చుట్టే. పో."

తొమ్మిదిన్నరకు నబీ రసూల్‌ను గది కప్పు పెంకులు ఊడదీసి పైకి లాగారు. నీళ్ళు గడ్డం దాకా వచ్చి ఉన్నాయట.

మూడు రోజులకు ఏరు తగ్గింది. సూపర్వైజర్ పద్మనాభయ్య వచ్చి ఆదినారాయణ పుస్తకం, తడిసి ఉబ్బిన నబీ రసూల్ పుస్తకం, రిజిస్టరు పక్కపక్కన పరిచాడు. ఎవరు చెప్పిన మాటకు వాళ్ళ ఎదుటనే గుర్తు పెట్టాలి. ఆదినారాయణకు ఎర్ర పెన్సిల్, నబీకి నీలం. సర్దారు వాక్యంలో రెండు మాటలు ఎర్రబడ్డాయి, మిగిలినవి నీలమయ్యాయి. ఆదినారాయణ పడిపడి నవ్వాడు.

కింద వాక్యం దగ్గర పెన్సిల్ ఆగింది.

"ఇదెవరిది?"

"నాది కాదు సామీ," అన్నాడు నబీ. "అమ్మతో మాట్లాడుతాండంగానే నా ఫోను పెట్టె నీళ్ళలో మునిగింది. అయినా గదిలో ఉన్నోడికి గట్టు యాడ కనపడుతుంది?"

"నాదీ కాదు," అన్నాడు ఆదినారాయణ. ఇప్పుడతను నవ్వడం లేదు. "గట్టు పోయిందని నాకు తెలిసింటే ఆ దారినే ఎందుకు బయలుదేరతా? పొద్దున పోయి చూస్తే... ఒక మలుపు కాడ ఇరవై గజాల గట్టు లేదు సామీ. సర్దారు పోయిన సోటే. సీకట్లో అయిదు మందిమీ పోయుండేవాళ్ళం."

పద్మనాభయ్య పెన్సిల్ పక్కన పెట్టాడు. "లెక్కకు రాని మాట. కొట్టెయ్యండి."

"కొట్టెయ్యను," అన్నాడు మా చిన్నాయన. జన్మలో పైవాళ్ళకు ఎదురుచెప్పింది ఆ ఒక్కసారే. "నేను విన్నా. విన్నది విన్నట్టు రాసినా."

"అట్లయితే 'చెప్పినవారు' అన్న గడి ఖాళీగా ఉండకూడదు. పేరు రాయండి."

చిన్నాయన కలం ముంచి, ఆగి, వాకిట్లో నిలబడిన చిన్నమ్మ వైపు చూశాడు. "ఏం పేరు రాసేది?"

"మీరు ముందే రాసినారు గదా," అంది చిన్నమ్మ. "ఒక వరస పైన."