తునికాకు గోదాంలో డప్పు

లింగంపేట దాటాక ఈరవ్వ వాళ్ళ ఊరికి తిరిగే దారిలో, ఎడంపక్కన ఒక పాత తునికాకు గోదాం ఉంది. బీడీ ఆకు నిల్వ చేసే రోజుల్లో అందులో ఒక కావలివాడు నిద్రలోనే కాలిపోయాడట. అప్పట్నుంచీ దానికి మంచి పేరు లేదు. చీకటి పడితే ఆటోవాళ్ళు ఆ దారిన రారు. వచ్చినా అటు తల తిప్పరు.

2012 వానాకాలంలో ఆ పేరు మరీ పాడైంది. లోపల నిప్పు కదులుతోందని ఒకరన్నారు... నిప్పుతో పాటు డప్పు కూడా మోగుతోందని ఇంకొకరన్నారు. కొరివి దయ్యమేనని అందరూ కలిసి తేల్చేశారు. లోపలికెళ్ళి చూసొచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ దారిన ఒక రాత్రి ఈరవ్వ ఒంటరిగా నడవాల్సి వచ్చింది.

ఈరవ్వది ముప్పై ఏళ్ళ పాటల బృందం. పాట ఎత్తుకుంటే అరగంటకు తక్కువ ఉండదు. మధ్యలో నాలుగుసార్లు నడక మారుతుంది, మారిన ప్రతిసారీ బృందంలోని లింబాద్రి డప్పు ముందుండి దారి చూపిస్తుంది. అయితే జనం సెల్‌ఫోన్లో మెమరీ కార్డు వేసుకుని తిరిగే కాలమొచ్చింది. అరగంట పాట ఎవడు వింటాడు? మనం ముసలివాళ్ళమైతే అయ్యాం, పాటెందుకు ముసలిది కావాలి అని ఈరవ్వ పట్టుబట్టింది. కీబోర్డూ బేస్ గిటారూ పెట్టి ఆల్బం చేయడానికి కామారెడ్డిలో ఒక గది మాట్లాడింది. ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వినవాళ్ళను నవ్వుకోనిచ్చింది.

చిక్కల్లా లింబాద్రి దగ్గరొచ్చింది. రికార్డింగు చేసే యోబు అతని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, అందులో టిక్కుటిక్కుమనే లెక్కకు సరిగ్గా కొట్టమన్నాడు. ఏడు దెబ్బల నడక నాలుగు దెబ్బలకు మారే చోట లింబాద్రి ఒక దెబ్బ ముందే వేశాడు. మళ్ళీ మళ్ళీ అదే తప్పు, అదీ అందరి ముందూ. చివరికి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పదిహేను రోజులైంది. ఈరవ్వ అతని ఇంటికి వెళితే తలుపు కూడా తీయలేదు.

ఆ రోజు యోబు తేల్చి చెప్పేశాడు – రేపే ఆఖరు, లింబాద్రి రాకపోతే డప్పు మిషన్లోంచే పెట్టేస్తానని. ఈరవ్వకు ఒళ్ళు మండింది. పాట కొత్తది కావాలి, డప్పు లింబాద్రిదే కావాలి. రెండూ ఒకచోట కుదరవని ఎవరైనా అంటే ఆమెకు అస్సలు పడదు.

ఆ మంటతోనే ఆఖరి బస్సు దిగింది. ఇక్కడ దిగొద్దు, ఎల్లారెడ్డిలో ఎవరింట్లోనైనా పడుకుని పొద్దున్నే రమ్మని కండక్టరు బతిమాలాడు. ఈమె వింటుందా!

వాన వెలిసింది. దారిలో నరమానవుడు లేడు. సెల్‌ఫోన్ వెలుతురు అడుగు దూరం కూడా పడటం లేదు...

గోదాం దగ్గరికొచ్చింది.

లోపల – నిప్పు.

ఎర్రగా ఒకసారి లేచింది... అణిగింది. గోడ మీద ఏదో నీడ పెరిగి పెరిగి, కుంగిపోయింది.

ఈరవ్వ అడుగు ఆపింది. భయపడింది, నిజంగానే భయపడింది. భయపడినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ముప్పై ఏళ్ళు రాత్రిళ్ళే ఊళ్ళు తిరిగిన మనిషి, తన ఊరి దారిలో వెనక్కి పరుగెత్తాలా?

అందుకని... పాట ఎత్తుకుంది. ఆల్బంలోని కొత్త పాటే. గొంతు మొదట వణికింది, రెండో చరణానికి నిలబడింది.

లోపల డప్పు మోగింది.

ఆమె పాటకే మోగింది. ఏడు దెబ్బల నడక... ఒక్కటీ తప్పకుండా. ఈ పాట ఇంకా కామారెడ్డి గది దాటి బయటికే రాలేదు. మరి దయ్యానికి ఎలా తెలిసింది...?

ఆపితే ఏమవుతుందోనని ఆపలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని పాడుతూనే ఏడు నాలుగయ్యే చోటికి వచ్చింది –

దయ్యం ఒక దెబ్బ ముందే వేసింది.

ఈరవ్వ టక్కున ఆగిపోయింది. భయం ఎటు పోయిందో పోయింది. చెప్పులు చేతబట్టుకుని, బురద తొక్కుకుంటూ నేరుగా లోపలికి నడిచింది.

గడ్డి మంట పక్కన లింబాద్రి. వానచెమ్మకు మెత్తబడే డప్పు తోలును కాచుకోవడానికే ఆ మంట. ఒక చెవిలో ఇయర్‌ఫోన్.

"ఈడ ఏం చేస్తున్నవ్ తమ్మీ?" అంది ఈరవ్వ, మెల్లగా.

అతను తలెత్తలేదు. "ఇంట్ల కొడితే నేను తప్పేది అందరికి ఇనొస్తదక్కా... ఈడికైతే ఎవ్వడు రాడు."

టిక్కుటిక్కును యోబు చేతే చాటుగా ఫోన్లోకి ఎక్కించుకున్నాడట, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని. పదిహేను రాత్రులు కొట్టాడు. ఆ ఒక్క దెబ్బ మాత్రం లొంగలేదు. రేపు మిషన్ డప్పే పెట్టుకొమ్మని, తన వల్ల కాదని గొణిగాడు.

ఈరవ్వకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె ఈరవ్వ ఎందుకవుతుంది? తిట్టింది.

"దయ్యాలల్ల కూసొని కొట్టినోనివి, టిక్కుటిక్కుకు బెదురుతవా? కొట్టు. తప్పితే మల్ల కొట్టు. తెల్లారేదాంక నేనీడ్నే ఉంట."

రెండో ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకుని, మంట పక్కనే చతికిలబడి పాట ఎత్తుకుంది.

పొద్దున కామారెడ్డి బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. డప్పు గోనెసంచిలో ఉంది. ముందు సీట్లో భీమ్‌సింగ్ అని, బిచ్కుంద వైపు నుంచి మొక్కజొన్న చేను కావలికి వచ్చిన మనిషి. అతను కాసేది గోదాం వెనక చేనే. రాత్రంతా నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, గోదాంలో ఇప్పుడు రెండు దయ్యాలున్నాయని గుసగుసగా చెప్పాడు. ఒకటి కొడుతుందట, ఒకటి పాడుతుందట.

"మరి ఉరకకపోతివా బిడ్డా?" అని అడిగింది ఈరవ్వ, మొహంలో ఏమీ తెలియనివ్వకుండా.

భీమ్‌సింగ్ అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ చెప్పాడు.

"ఉరుకుదామనే మంచె దిగిన అవ్వా. గని తెల్లారగట్ల ఆ డప్పు ఎట్ల మోగిందో ఏమో... చేన్లనే చిందేసిన."

లింబాద్రి కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ఈరవ్వ ఫోన్ తీసి యోబుకు కలిపింది.

"ఆ మిషన్ డప్పు తీసెయ్ యోబూ. దయ్యాన్ని తోలుకొస్తున్న."