తోళ్ల మండీలో ఫెల్‌మాంగర్

జమ్మలమడుగు రోడ్డు పక్కన జీపు ఆగి ఉంది. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. స్టీరింగ్ మీద తల వాల్చిన జియాలజిస్టు మాత్రం ఇక లేవడు.

మర్నాడు అప్పటి రాజధాని కర్నూలులో, ప్రభుత్వ ఆఫీసులకని వేసిన ఒక గుడారంలో, ఇంటెలిజెన్స్ చీఫ్ పుల్లన్న తన ఏజెంట్ షరీఫ్‌కు వైర్‌లెస్‌లో వచ్చిన నాలుగు మాటలు వినిపించాడు.

"ఓవర్‌మారో. గ్లోమింగ్. ఫెల్‌మాంగర్. ఫర్‌కిన్."

"ఇదేం ఇంగ్లీషు సార్?"

పుల్లన్న బల్ల మీది లావుపాటి డిక్షనరీ తెరిచాడు. "ఇంగ్లీషువాళ్లే మరిచిపోయిన ఇంగ్లీషు. ఆ విదేశీ ముఠా నాయకుడికి పాత మాటల పిచ్చి. అవే వాళ్ల కోడ్. ఓవర్‌మారో అంటే ఎల్లుండి. గ్లోమింగ్, మునిమాపు. ఫెల్‌మాంగర్, గొర్రెతోళ్ల వ్యాపారి. ఫర్‌కిన్, చిన్న పీపా. పులివెందుల కొండల్లోని ఖనిజం శాంపిల్స్‌తో రెండో జియాలజిస్టు ఎల్లుండి సాయంత్రం ప్రొద్దుటూరు తోళ్ల మండీ ముందు నుంచి పోతాడు. పీపాలో పేలుడు మందు ఉంటుంది."

"జీపు ఆపేద్దాం సార్."

"ఆపితే ఈ మాటలు మనకు అందించిందెవరో వాళ్లకు తెలిసిపోతుంది. హసీనాను బతకనివ్వరు."

షరీఫ్ ముఖం మాడిపోయింది. పులివెందుల హసీనా! ఒకప్పుడు తనతో నిఖా ఖాయమైన హసీనా. ఇప్పుడు అత్తరు పూసుకుని, నాలుగు భాషలు మాట్లాడుతూ, ఆ నాయకుడికి భార్యగా నటిస్తోంది.

"అసలు ఆమె ఎవరి మనిషో నాకే తెలీదు," అన్నాడు పుల్లన్న. షరీఫ్ పళ్లు కొరికాడు.

చెప్పిన రోజు పొద్దు వాలుతుండగా షరీఫ్ గళ్ల లుంగీ, పెట్టుడు గడ్డంతో మద్రాసు కొనుగోలుదారుగా మండీలోకి అడుగుపెట్టాడు. అడుగు పెట్టగానే నీరుగారిపోయాడు. ప్రతి వ్యాపారి పక్కనా ఒక ఉప్పు పీపా ఉంది! గుడారంలో కూర్చుని ప్లాన్ వేసినవాళ్లకు ఇది తట్టదు మరి.

షరీఫ్ భుజం మీది తువ్వాలు తీశాడు. ఆ మండీలో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరమాడతారు. అతను వరసగా ఒక్కొక్కరి చేయీ పట్టుకుంటూ పోయాడు. మూలన గోరింటాకు రంగు గడ్డపాయన ఉన్నాడు. ఆయన వెనక బురఖాలో ఒకామె. షరీఫ్ తువ్వాలు చాపగానే ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు.

"డజను నలభై రూపాయలు. ఒకటే మాట," అన్నాడు గట్టిగా, చక్కటి ఉర్దూలో.

మండీ మొత్తం ఇటు తిరిగింది. తోళ్లు తెచ్చిన ఓబమ్మ ముక్కున వేలేసుకుంది. "ఏందప్పా, ధర అరిచి చెప్తాండాడు! యాడోడు ఈయప్ప?"

ఆ గడ్డం వేషంలో ఉన్న ముఠా నాయకుడికి తను దొరికిపోయానని అర్థమైంది. పిస్టల్ తీసి బురఖా ఆమె మెడకు ఆనించాడు. "నువ్వేనా చెప్పింది?" అంటూ నోట్లోని సిగరెట్టును పీపా వత్తి మీదికి ఉమ్మాడు. వత్తి చుర్రుమంది. రోడ్డు మీద జీపు హారన్ మోగింది. జనం చెల్లాచెదురయ్యారు.

షరీఫ్ రివాల్వర్ తీస్తే హసీనా దక్కవచ్చు. జీపు మాత్రం దక్కదు. గుండె ఒకవైపు లాగింది, కాళ్లు ఇంకోవైపు పోయాయి. పీపాను ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి తోళ్లు నానేసే గుంతలో పడి ఆరిపోయింది.

వెనక తుపాకీ పేలింది.

తిరిగి చూడడానికి అతనికి ధైర్యం చాల్లేదు. చూసేసరికి నాయకుడు ఉప్పు మీద బోర్లా పడి ఉన్నాడు. హసీనా బురఖాకు చిన్న చిల్లు పడి పొగ వస్తోంది. పౌడర్ డబ్బాలో దాచుకునే బుల్లి పిస్టల్‌తో లోపల్నుంచే కాల్చింది. బయట జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

"నా దిక్కు చూడను కూడా చూడకపోతివే," అంది.

"చూసుంటే కాలు ఆడేది కాదు హసీనా."

"తెలుసు. నేనైనా అదే చేసుందును. తెలిసినా శానా నొప్పిగా ఉండాది."

షరీఫ్‌కు ఏడుపొచ్చింది. "ఇంక ఆ పని ఒద్దు. పులివెందులకు పోదాం రా."

"ముఠాలో ఇంకా ఇద్దరుండారు. నా మొగుణ్ణి నువ్వే కాల్చినావని ఏడ్చుకుంటా పోతే నమ్ముతారు." ముసుగు దించుకుంది. "సెన్‌నైట్‌లో వస్తా."

అదీ పాత మాటే. వారం అని అర్థం.

ఏడాది గడిచింది. హసీనా రాలేదు. రాజధాని హైదరాబాదుకు మారింది. కర్నూలులో గుడారాలు పీకుతుంటే, చీఫ్ గారి లావుపాటి డిక్షనరీని ఏ లారీలో ఎక్కించాలని గుమాస్తా అడిగాడు.

"ఈడే వదిలేయప్పా," అన్నాడు షరీఫ్. "దాంట్లో అర్థాలన్నీ తప్పే."