తడి సున్నం

కోవిల్పట్టిలో, ఎట్టయాపురం రోడ్డు మీద, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ దాటినాక ఒక పెంకుటిల్లు ఉండేది. పదేళ్ళుగా తాళం. ఆ ఇంటి నడిగదికి సున్నం కొట్టినవాడు రెండో రోజు పనికి రాడని ఊళ్ళో పేరు. ఒకతను బకెట్టు అక్కడే వదిలి పారిపోయాడు. ఇంకొకతను వారం రోజులు జ్వరంతో పడుకుని, గోడలో ఆడమనిషి ఉందని కలవరించాడు.

తెల్లారి వెళ్ళి చూసినవాళ్ళకి మాత్రం గోడ తెల్లగా, శుభ్రంగా ఉండేది. జనానికి అదే ఎక్కువ భయం.

మా పెద్దమ్మ రాజాత్తి, పెదనాన్న ఇసక్కిముత్తు నాగలాపురం నుంచి వచ్చి కోవిల్పట్టిలో సున్నం పని చేసుకునేవాళ్ళు. తొంభయ్యారు ఎండాకాలంలో వాళ్ళకి జరిగింది ఇది. పెద్దమ్మ నాకు ఎలా చెప్పిందో అలాగే చెప్తున్నాను.

ఆ ఇల్లు కృష్ణసామిది. ఒకప్పుడు క్యాలెండర్లకి దేవుళ్ళ బొమ్మలు రాసేవాడు. అతని భార్య సెల్వరాణి తొలికాన్పులో, ఆ నడిగదిలోనే చనిపోయింది. బిడ్డా దక్కలేదు. ఆ తర్వాత అతను మళ్ళీ ముఖం రాయలేదు. విరుదునగర్ పోయి అంగళ్ళకి బోర్డులు రాసుకుంటూ బతికాడు... ఉత్త అక్షరాలే. ఇక ఇల్లు అమ్మేద్దామనుకుని, సున్నం కొట్టమని పెదనాన్నకి తాళంచెవి ఇచ్చాడు.

"ఆ గది సంగతి విన్నారు కదా?"

"విన్నాము అయ్యా."

"అందరికీ కనపడిందంట. నేను అక్కడ ఎన్ని రాత్రులు పడుకున్నానో... దెయ్యంగా అయినా సరే, నాకు ఒక్కసారీ కనపళ్ళేదు."

పెదనాన్న తాళంచెవి తీసుకున్నాడు.

ఆలంగుళం వైపు నుంచి వచ్చిన సున్నపురాళ్ళని పెద్దమ్మ తొట్టిలో వేసి నీళ్ళు పోసింది. అవి కుతకుతా ఉడికి, పొగలు కక్కి, పగిలి వెన్నలాగా అయ్యాయి. పాత చీర గుడ్డలో వడగట్టి, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపింది. అంగట్లో నైలాను బ్రష్షులు వచ్చేసినా పెదనాన్న వాటిని ముట్టేవాడు కాదు. తాటిమట్ట కొనని నానబెట్టి, రాయి మీద నలగ్గొట్టి, పీచు విడదీసి తన కుంచె తానే చేసుకునేవాడు.

ఆ ఎండలకి పగలు కొట్టిన సున్నం గోడ తాకగానే ఆరి పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని పొద్దు గూకినాకే పూత. ఇంట్లో కరెంటు లేదు. లాంతరు నేల మీద పెట్టి, పెదనాన్న నిచ్చెన ఎక్కాడు. పైనుంచి మొదలుపెట్టి ఛాతీ ఎత్తు దాకా వచ్చాడు.

కుంచె ఆగింది.

"రాజాత్తీ... లాంతరు ఎత్తు."

పెద్దమ్మ ఎత్తింది. తడిగోడలో... నుదురు. తర్వాత రెండు కళ్ళు. ముక్కుపుడక. నీళ్ళ అడుగునుంచి పైకి తేలుతున్నట్టు ఒక ఆడమనిషి ముఖం.

ఆమె వాళ్ళనే చూస్తోంది.

ఎవరు ముందు పరిగెత్తారో ఇద్దరికీ గుర్తులేదు. వీధి చివర టీ అంగడి దగ్గర ఆగారు. పెదనాన్న చేతిలో కుంచె ఇంకా ఉంది. దాని కొన నుంచి చుక్కలు కారుతున్నాయి.

పొద్దున్నే పెద్దమ్మ ఒక్కతే తిరిగి వెళ్ళింది. లాంతరు, తొట్టి అక్కడే ఉండిపోయాయి, వదులుకునే స్తోమత లేదు. గోడ తెల్లగా ఉంది. చాలాసేపు చూసింది. ఏం తోచిందో, చెంబుతో నీళ్ళు తీసి గోడ మీద చల్లింది.

తడిసిన చోట... ఒక కన్ను.

ఈసారి ఆమె పరిగెత్తలేదు. దగ్గరికి పోయి వేలితో తడిమింది. ఒక్కొక్కటిగా కుంచెతో గీసిన మసి గీతలు, సున్నం కింద.

పెదనాన్నని గుమ్మం దాకా లాక్కొచ్చి చూపించింది.

"దెయ్యం లేదు, ఏమీ లేదయ్యా. సున్నం తడిగా ఉంటే లోపలిది చూపిస్తాది. ఆరితే మూసేస్తాది. ఎవరో బొమ్మ రాసినారు."

"ఎవరు రాసుంటారు?"

"ఆ ఇంట్లో బొమ్మలు రాసేది ఎవరు?"

విరుదునగర్‌కి ఫోన్ చేయించి, గోడలో బొమ్మ ఉందని చెప్పించారు. చీకటి పడే వేళకి కృష్ణసామి బస్సు దిగి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆమె బొమ్మ, పెళ్ళయిన కొత్తలో రాసినా," అన్నాడు మెల్లగా. "దీపం మసి నూనెలో నూరి. ఆమె పోయినాక మా అమ్మ ఫోటోలన్నీ తీసేసింది... నేను ఇంకో పెళ్ళి చేసుకోవాలని. నేను ఆ దిగులుతో జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడి, తిరిగొచ్చేసరికి గోడ మీది బొమ్మ గీకించేసినానని చెప్పింది. సున్నం కొట్టించింది, అంతే. గీకించలేదు."

పదేళ్ళలో ఆమె ముఖం తన జ్ఞాపకంలోంచి జారిపోతోందని, చెవులు ఎలా ఉండేవో ఎంత తలచుకున్నా రావడం లేదని చెప్పాడు.

పెద్దమ్మ బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి, పైనుంచి కింది దాకా గోడంతా తడిపింది.

ముందు ముఖం వచ్చింది. కృష్ణసామి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత చెవులు, కమ్మలు. మెడ. నీళ్ళు కిందికి జారాయి. భుజాలు... మడిచిన చేతులు...

చేతుల్లో పసిబిడ్డ.

బొమ్మ ఎంత బాగుందో అనుకుంది పెద్దమ్మ. ఆ మాట అనబోయి కృష్ణసామి వైపు తిరిగింది. అతను ఎదుటి గోడకి ఆనుకుని కిందికి జారుతున్నాడు.

"ఏమయ్యా... ఏమయింది?"

అతను బొమ్మలోని బిడ్డ వైపు వేలు చూపించాడు.

"నేను రాసింది మెడ వరకే."

లాంతరు వెలుగు కదిలింది. పెదనాన్న పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగాడు. గోడ పైభాగం అప్పుడే ఆరడం మొదలైంది. నుదురు తెల్లబడుతోంది.

కృష్ణసామి లేచాడు. పెదనాన్న చేతిలోంచి తాటిమట్ట కుంచె తీసుకుని బకెట్టులో ముంచాడు. తెల్లబడుతున్న నుదుటి మీద, తర్వాత బిడ్డ తల మీద, నిద్ర లేస్తుందేమో అన్నంత మెల్లగా నీళ్ళు రాశాడు.

"ఇంకో బకెట్టు తెచ్చిపెట్టు తల్లీ," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఆరిపోతాది."

తెల్లారేదాకా ఆ గోడ ఆరలేదు.